ఇంజన్ బాగానే ఉంది, కాలే కాలుతోంది

ప్రశ్న

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది. పేరు వెయ్యొద్దని రాసినాయన కోరారు. అందుకని ముఖ్యమైన సంగతులు మాత్రం నా మాటల్లో చెబుతున్నాను.

ఆయనకు 46 ఏళ్లు. ఇన్నాళ్లూ చిన్న బైకులే నడిపారు. పిల్లలు చదువుల కోసం బయటికి వెళ్లాక, ఇక తనూ భార్యా కలిసి దూర ప్రయాణాలు చేద్దామని ఒక పెద్ద టూరింగ్ బైక్ కొన్నారు. సెకండ్ హ్యాండ్‌దే, కానీ సర్వీస్ కాగితాలన్నీ ఉన్నాయి. 1,700 సీసీ వీ-ట్విన్ (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే) ఇంజన్, రేడియేటర్ లేదు, గాలికి చల్లబడే రకం. హైవే మీద 80, 90లో వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ట్రాఫిక్‌లో చిక్కుకుంటే మాత్రం పది నిమిషాల్లోనే కుడి తొడ లోపలి వైపు మండిపోతోంది. దిగాక ప్యాంటు మీద చెయ్యి వేస్తే చుర్రుమంటోంది. ఈమధ్య అదే చోట చర్మం మీద వలలాగా గోధుమ రంగు చారలు కనిపిస్తున్నాయి. నొప్పి లేదు, దురద లేదు. రెండేళ్ల కిందట షుగర్ ఉందని తేలింది, మందులు వాడుతున్నారు.

ఆయన భార్యకు జరిగింది వేరు. ఒకరోజు బండి దిగుతుంటే పిక్క సైలెన్సర్‌కి తగిలి బొబ్బ లేచింది. ఆ తర్వాత కొన్నాళ్లు కాళ్లు బిగబట్టుకుని కూర్చున్నారు, ఇప్పుడు అసలు రానంటున్నారు. ఈయన కోపంలో "అందరి ఆడవాళ్లూ కూర్చుంటున్నారుగా, నీకొక్కదానికే ఎందుకింత?" అనేశారు. తన తొడ కూడా కాలుతోందన్న సంగతి మాత్రం ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఈ మోడల్ అంతే సార్" అన్నారు. తోటి రైడర్లు "వేడి పడకపోతే స్కూటర్ కొనుక్కో" అని నవ్వారు. ఒక మెకానిక్ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సెట్టింగులు మార్చి రీమ్యాప్ చేస్తే వేడి సగానికి తగ్గుతుందని హామీ ఇచ్చాడు. సైలెన్సర్ పైపుకు చుట్టే టేపు కొని తెచ్చుకున్నారు గానీ ఇంకా చుట్టలేదు. "అమ్మేయమంటారా, మార్పులు చేయించమంటారా, అలవాటు చేసుకోమంటారా? లేక నేనే మరీ సుకుమారంగా తయారయ్యానా?" అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు సుకుమారంగా ఏమీ తయారవలేదు. ఇంజన్‌లో కాలిన పెట్రోలు శక్తిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే చక్రాన్ని తిప్పడానికి పనికొస్తుంది. మిగతాదంతా వేడే. అందులో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పోతుంది, ఇంకో భాగం సిలిండర్ల రెక్కల మీంచి, ఆయిల్ మీంచి బయటికి రావాలి. మీ బండిలో రెండు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ముందు సిలిండర్ వేడెక్కించిన గాలే వెనక సిలిండర్‌కు దక్కుతుంది. దాని బెండ్ పైపు (సిలిండర్ నుంచి పొగను సైలెన్సర్‌కు తీసుకెళ్లే గొట్టం) సరిగ్గా మీ కుడి తొడ కింద నుంచి తిరిగి వెళ్తుంది. బండి కదులుతుంటే ఈ వేడిని గాలి పక్కకు లాగేస్తుంది. ఆగితే లాగేవాళ్లు లేరు, అది నేరుగా పైకి లేస్తుంది, పైన ఉన్నది మీరు. ఇందులో మీ ఓర్పుకు సంబంధించింది ఏమీ లేదు. స్కూటర్ కొనుక్కోమన్న మిత్రుల్లో ఎంతమంది ఎండాకాలం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో వెళ్తారో ఓసారి అడిగి చూడండి.

అయితే మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సమస్యలు ఒకే మాట కింద చేరిపోయాయి. ఇంజన్ ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడెక్కుతోందా అన్నది ఒకటి. ఇంజన్ మామూలుగానే ఉన్నా ఆ వేడి మీ ఒంటికి ఎందుకు తగులుతోంది అన్నది రెండోది. మూడోది మీ ఇద్దరి మధ్య వచ్చింది, దానికి ఏ మెకానిక్ దగ్గరా స్పానర్ లేదు. మొదటిదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు. ఇవి విడదీయకుండా ఎవరేం చెబితే అది కొంటే డబ్బు పోతుంది, తొడ మాత్రం అలాగే కాలుతుంది.

వీటన్నిటికంటే ముందు మీ చర్మం. తక్కువ వేడి పదేపదే ఒకే చోట తగిలితే వలలాంటి గోధుమ చారలు వస్తాయి. దాన్ని వైద్యులు ఎరిథీమా అబ్ ఇగ్నే అంటారు. కుంపటి దగ్గర రోజూ కూర్చునేవాళ్లకు, వేడినీళ్ల సంచి ఎక్కువగా వాడేవాళ్లకు, ల్యాప్‌టాప్ తొడల మీద పెట్టుకునేవాళ్లకు వస్తుంది. బొబ్బ లేచేంత వేడి అక్కర్లేదు, 43 నుంచి 47 డిగ్రీల సెల్సియస్ చాలు. మీ వర్ణన దానికి దగ్గరగా ఉంది, కానీ అదో కాదో చర్మ వైద్యులు చూసి చెప్పాలి. మొదట్లోనే వేడిని ఆపేస్తే చారలు నెలల్లో మెల్లగా తగ్గిపోతాయి. ఏళ్లు సాగితే మచ్చలు ఉండిపోతాయి, అరుదుగా అక్కడ క్యాన్సర్ వచ్చిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తారేమోనని చెబుతున్నాను.

మీకు షుగర్ ఉంది కాబట్టి దీనికి ఇంకో కోణం ఉంది. షుగర్ వల్ల కాళ్లలో నరాల స్పర్శ తగ్గవచ్చు. తగ్గినట్టు మనకు తెలియకపోవడమే అందులో ప్రమాదం. అంటే "ఈ మధ్య కొంచెం అలవాటైంది, అంత మండట్లేదు" అని మీకు అనిపిస్తే, అది బండి మారిందనడానికి గుర్తు కాకపోవచ్చు. అలవాటు చేసుకోవడం అనే దారి వేరొకరికి ఉంటుందేమో, మీకు లేదు. వైద్యులు చూసేదాకా ట్రాఫిక్‌లో ఈ బండి తీయకండి. చూసినప్పుడు పాదాల స్పర్శ పరీక్ష కూడా చేయించుకోండి. ఆ పైన వేడి ఎంతన్నది ఒంటికి వదిలేయకుండా కొలుచుకోండి.

కొలవడం కష్టమేమీ కాదు. వైరు చివర చిన్న సెన్సర్ ఉండే మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి తీసుకుని, ఆ సెన్సర్‌ను ప్యాంటు లోపల, తొడ కాలే చోట టేపుతో అతికించండి. ఒకే దారిలో, ఒకే వేళకు, నెమ్మదిగా ఇరవై నిమిషాలు నడిపి అంకె రాసుకోండి. ఇకమీద ఏ మార్పు చేసినా ఆ అంకెతోనే పోల్చాలి. 44 డిగ్రీల వేడి కూడా కదలకుండా ఆరు గంటలు తగిలితే చర్మాన్ని కాల్చగలదు, 60 డిగ్రీలైతే ఐదు సెకన్లు చాలు. మీ అంకె 40 దాటుతుంటే అది సర్దుకుపోవాల్సిన విషయం కాదు. తుపాకీలా చూపించి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా పనికొస్తుంది, కానీ మెరిసే క్రోమ్ మీద అది అబద్ధం చెబుతుంది. మెరుగు పెట్టిన లోహం తన వేడిని తక్కువగా ప్రసరిస్తుంది కాబట్టి, నిజంగా ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. పైపు మీద వేడికి తట్టుకునే నల్లరంగు చిన్న చుక్క వేసి అక్కడ కొలవండి. "చూడండి సార్, వంద కూడా లేదు" అని ఎవరైనా క్రోమ్ పైపు మీద కొలిచి చూపిస్తే నమ్మకండి.

ఇప్పుడు ఇంజన్. హైవే మీద ఇబ్బంది లేదంటున్నారు, ఆగినప్పుడే వేడి. దీన్నిబట్టి ఇంజన్ ఆరోగ్యంగానే ఉందని నా అంచనా. అయినా సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఒకసారి తేల్చుకోవాలి. ఇలాంటి ఇంజన్‌లో హైవే మీద ఆయిల్ వేడి 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండటం మామూలే. ట్రాఫిక్‌లో ఇంకా పైకి పోతుంది, మంచి సింథటిక్ ఆయిల్ దాన్ని తట్టుకుంటుంది. హద్దు ఎంతో మీ మాన్యువల్ చెబుతుంది. వేడెక్కాక ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమని నాకింగ్ చేయడం, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఆయిల్ లైటు మిణుకుమిణుకుమనడం, వేడిమీద మళ్లీ స్టార్ట్ కాకపోవడం, హైవే మీద కూడా పికప్ పడిపోవడం, ఇవి ఉంటే మాత్రం అసలు జబ్బు ఇంజన్‌లోనే ఉంది.

మెకానిక్‌ను ప్రత్యేకంగా అడిగి చూపించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బెండ్ పైపు సిలిండర్ హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ (సందు మూసే పొర) లీకవుతుంటే వేడి గ్యాస్ నేరుగా మీ తొడ వైపు చిమ్ముతుంది. ఆ జాయింట్ దగ్గర నల్లటి మసి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్‌టిక్ శబ్దం దానికి ఆనవాళ్లు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ వైపు రబ్బరు చిట్లి గాలి పీలుస్తుంటే మిశ్రమంలో పెట్రోలు తగ్గి మంట వేడి పెరుగుతుంది. సిలిండర్ రెక్కల మధ్య మట్టీ జిడ్డూ పేరుకుంటే గాలికి దారి ఉండదు. బ్రేకు పట్టుకుపోతుంటే ఇంజన్ అనవసరంగా కష్టపడుతుంది. కొద్దిదూరం నడిపి చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది, డిస్క్‌ను మాత్రం ముట్టుకోవద్దు. మాన్యువల్ చెప్పిన ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ను తట్టుకునే రేటింగ్) కంటే తక్కువ రకం పెట్రోలు పోస్తే నాకింగ్ రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఆలస్యంగా కాలిన మంట పిస్టన్‌ను తొయ్యడం మానేసి సైలెన్సర్‌ను కాలుస్తుంది.

పాత యజమాని ఏం మార్చాడో కూడా చూడండి. సెకండ్ హ్యాండ్ బళ్లలో నాకు ఎక్కువ అనుమానం అక్కడే. పైపు మీద కంపెనీ బిగించిన హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) రంగు పోయిందని తీసేసి ఉండొచ్చు. సీటు కింద, ట్యాంకు కింద ఉండే రేకు పూత గల షీట్ ఏదో రిపేరులో పోయి ఉండొచ్చు. అదే మోడల్ విడిభాగాల బొమ్మ ముందు పెట్టుకుని ఒక్కో ముక్కా ఉందో లేదో సరిచూడమనండి. పోయిన ముక్క తిరిగి పెట్టించడం కంటే చవకైన, పక్కాగా పనిచేసే మార్పు ఇంకోటి ఉండదు.

ఇంజన్ బాగుందని తేలితే, సమస్య వేడి మీదాకా వచ్చే దారిలో ఉన్నట్టు. ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది, చాలామంది దీన్నే వదిలేసి నేరుగా సైలెన్సర్ మీద పడతారు. ముందు మీ విండ్‌షీల్డ్ చూడండి. ఎత్తైన విండ్‌షీల్డ్ వెనక గాలి ఆడని ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ ఒత్తిడి తక్కువగా ఉండి కింది ఇంజన్ వేడిని పైకి, మీ ఒళ్లోకి లాక్కుంటుంది. వేసవిలో పొట్టి విండ్‌షీల్డ్ వేసుకోవడం, లేదా కింద గాలి దూరే సందు ఉన్నది పెట్టుకోవడం వల్ల తేడా తెలుస్తుంది. కాళ్ల ముందు గాలికి అడ్డంగా ఉండే లోయర్స్ అనే తొడుగులు చలికాలంలో, వానలో సుఖమే గానీ ఎండాకాలంలో ఇంజన్ మీదికి వెళ్లే గాలిని అడ్డుకుంటాయి. అవి ఊడదీసి ఒక్కసారి నడిపి మీ అంకె చూడండి, పైసా ఖర్చు లేదు. లెగ్ గార్డుకు కట్టిన బ్యాగులు కూడా ఇదే పని చేస్తాయి. ట్యాంకు, సీటు కలిసే చోట పక్కకు బిగించే చిన్న ఎయిర్ డిఫ్లెక్టర్లు వెనక సిలిండర్ వేడిని తొడ నుంచి బయటికి మళ్లిస్తాయి. కదిలేటప్పుడు బాగా పనిచేస్తాయి, పూర్తిగా ఆగినప్పుడు అంతగా కాదు. పైపుకూ తొడకూ మధ్య అదనపు హీట్ షీల్డ్, సీటు అడుగున వేడిని తిప్పికొట్టే షీట్ అయితే ఆగినప్పుడు కూడా పనిచేస్తాయి. ఇవన్నీ నచ్చకపోతే విప్పేయగలిగినవే. ఒక్కోటి చేసి, కొలిచి, తర్వాత ఇంకోటి. నాలుగూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

రేడియేటర్ ఉన్న బళ్ల వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. ఫ్యాన్ తిరిగి కాళ్ల మీద వేడిగాలి కొట్టిందంటే మీ బండి కూలింగ్ సరిగ్గా పనిచేస్తోందన్నమాట. ఇంజన్‌లోంచి తీసిన వేడి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. థర్మోస్టాట్ (చల్లబరిచే ద్రవాన్ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మార్చి తక్కువ డిగ్రీలది వేస్తే ఆ వేడి తగ్గదు, అది ఇంజన్ కనీస ఉష్ణోగ్రతను మాత్రమే నిర్ణయిస్తుంది. రేడియేటర్‌లో పురుగులు, మట్టి శుభ్రం చేయండి. ఆ ద్రవం, అంటే కూలెంట్ గడువు చూడండి. వేడిమీద మూత మాత్రం తెరవొద్దు.

మీరు కొన్న టేపు సంగతి. అది పైపు బయటి వేడిని తగ్గిస్తుందన్న మాట నిజమే. ఆ వేడిని పైపు లోపలే బంధిస్తుంది కాబట్టి లోహం మరింత వేడెక్కుతుంది. వానలో తడిస్తే తేమ పట్టి ఉంచి పైపును తుప్పు పట్టిస్తుంది. చిన్న ముక్క, తొడ దగ్గరున్న భాగానికి మాత్రమే, స్టెయిన్‌లెస్ పైపు అయితే, ఎప్పటికప్పుడు విప్పి చూస్తానంటే చుట్టుకోండి. నన్నడిగితే దాని బదులు మంచి హీట్ షీల్డే మేలు, లేదా పైపుకు సెరామిక్ పూత. కొన్నది వృథా అవుతుందని మాత్రం చుట్టకండి.

నడిపే తీరుకు వద్దాం. పొడుగాటి సిగ్నల్ దగ్గర, గేటు దగ్గర ఇంజన్ ఆపేయండి. గాలికి చల్లబడే ఇంజన్‌కు ఐడిల్‌లో నిలబడటమే పెద్ద శిక్ష. జానెడు జానెడు కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి లాగడం కంటే, ముందు నాలుగు బండ్ల ఖాళీ రానిచ్చి ఒకేసారి కదలడం నయం. మీ బండిలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉండే రకమైతే ఆ రాపిడి వేడి కూడా ఆయిల్‌కే చేరుతుంది. పై గేరులో గుర్రుమంటూ లాగించడం మంచిది కాదు, కింది గేరులో అరిపించడమూ మంచిది కాదు. కొన్ని పెద్ద బైకుల్లో ఆగినప్పుడు వెనక సిలిండర్‌ను దానంతట అదే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. హార్లే-డేవిడ్‌సన్ టూరింగ్ బైకుల్లో చాలావాటికి ఇది ఉంది, డుకాటి మల్టీస్ట్రాడా వీ4లో కూడా ఆగినప్పుడు వెనక సిలిండర్లు ఆగిపోతాయి. కొన్ని మోడళ్లలో దీన్ని రైడరే ఆన్ చేసుకోవాలి. మీ బండికి ఉందేమో, పాత యజమాని ఆపేశాడేమో మాన్యువల్ తీసి చూడండి. ఉంటే మీ అంకె వెంటనే మారుతుంది.

బట్టలు కూడా ఇందులో భాగమే. పల్చటి జీన్స్ వేడిని ఆపలేదు. తొడ లోపలి వైపు తోలు అతుకు లేదా వేడి నిరోధక పొర ఉన్న రైడింగ్ ప్యాంట్లు దొరుకుతాయి. బయట ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే గాలి మిమ్మల్ని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు జాకెట్ పూర్తిగా తెరిచి పెట్టుకోవడం కంటే, లోపల తడి బనియనో కూలింగ్ వెస్టో వేసుకుని గాలి కొద్దిగా ఆడనివ్వడం మంచిది. ఉక్కపోత వాతావరణంలో మాత్రం ఈ తడి చిట్కా పెద్దగా పనిచేయదు. తల తిరగడం, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే అది ఇంజన్ గురించి ఆలోచించే సమయం కాదు. బండి ఆపి, నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, వైద్య సాయం పిలవాలి.

ఇక మీ మెకానిక్ ఇచ్చిన హామీ. ఆయన అబద్ధం చెప్పాడని అనను, పూర్తి సంగతి మాత్రం చెప్పలేదు. పొగ నిబంధనలు కఠినమయ్యాక ఇంజన్లు పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ ఉండే మిశ్రమంతో నడుస్తున్నాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయాలంటే అదే కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉండాలి. కాబట్టి ఆయన చెప్పినదానికి ఆధారం ఉంది. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ బండిలో ఆ కన్వర్టర్ ఎక్కడుంది? కుడి కాలి పక్కనే ఉంటే అది తీసేశాక తేడా తెలుస్తుంది. వెనక సైలెన్సర్ డబ్బాలో ఉంటే మీ తొడకు దానితో సంబంధమే లేదు. రెండో ప్రశ్న, "సగానికి తగ్గుతుంది" అంటే ఏది సగం? మీ తొడ దగ్గరి అంకె చూపించి, పని అయ్యాక అదే దారిలో మళ్లీ కొలుస్తానని చెప్పండి. అప్పుడు కూడా హామీ అంతే గట్టిగా ఉంటుందేమో చూడండి.

చేయిస్తే ఎదురయ్యేవి ఇవి. చాలా దేశాల్లో రోడ్డు మీద తిరిగే బండికి కన్వర్టర్ తీసేయడం చట్టవిరుద్ధం. పొగ పరీక్షలో ఫెయిలవ్వొచ్చు. వారంటీ ఏదైనా మిగిలుంటే పోవచ్చు, బీమా క్లెయిమ్‌లో పేచీ రావచ్చు, తిరిగి అమ్మేటప్పుడు బేరం తగ్గుతుంది. మీ వెనక వచ్చేవాళ్లు పీల్చే గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. నేనైతే వద్దంటాను. కన్వర్టర్ ఉంచి, చట్టానికి లోబడిన పద్ధతిలో ఈసీయూ మ్యాప్ మాత్రం సరిచేయించడం మధ్యేమార్గం. మిశ్రమంలో పెట్రోలు కొంచెం పెరిగితే పైపుల్లో వేడి కొంత తగ్గుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. మరీ ఎక్కువ పెంచితే కాలకుండా మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లో కాలి దాన్నే పాడుచేస్తుంది. అందుకని దీన్ని మొదట చేయించకండి, మిగతావన్నీ కొలిచాక చూడండి. ఆయిల్ కూలర్‌కు ఫ్యాన్ పెట్టించమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఇంజన్‌కు మంచిదే, తొడకు దానివల్ల ఒరిగేది తక్కువ.

మీ ఆవిడ విషయానికి వస్తే, ఇక్కడ నేను కొంచెం నిక్కచ్చిగా మాట్లాడతాను. మీకు కాలుతున్న సంగతి దాచి, ఆవిడకు మాత్రం "నీకొక్కదానికే" అన్నారు. ఆవిడ దృష్టిలో ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, ఇద్దరూ ఒకే బండి మీద కూర్చున్నారు, భర్తకు హాయిగా ఉంది, తనకే చేతకాదు. ఇది నిజం కాదని తెలిసిన మనిషి మీరొక్కరే. ముందు ప్యాంటు మడిచి ఆ చారలు చూపించండి. నా లెక్కలో మిగతా ఖర్చులన్నిటికంటే ఇది ముందు జరగాలి.

వెనక కూర్చునేవాళ్ల వేడి మీ వేడి లాంటిది కాదు. మీ సమస్య మెల్లగా పోగయ్యే వేడి. ఆవిడది ముట్టుకుంటే క్షణంలో కాలే లోహం. పైగా ముందు మీరు అడ్డుంటారు కాబట్టి ఆవిడకు గాలి తక్కువ, పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు, ఎప్పుడు ఆగుతారో తెలియదు, ఆపే అధికారం లేదు. సైలెన్సర్ కుడివైపే ఉంటే ఎక్కడం, దిగడం ఎప్పుడూ ఎడమ నుంచే అని నియమం పెట్టుకోండి. రెండువైపులా పైపులుంటే దిగే వైపు పైపు మీద షీల్డ్ తప్పనిసరి. పిక్క మూసే బూట్లు, వేలాడని ప్యాంటు ఉండాలి. వెనక ఫుట్‌రెస్ట్‌ను కొంచెం బయటికో ముందుకో జరిపే బ్రాకెట్లు చాలా మోడళ్లకు దొరుకుతాయి, వాటితో పాదం పైపుకు దూరమవుతుంది. హెల్మెట్లలో ఇంటర్‌కమ్ ఉంటే ఆవిడ మాట మీకు వినపడుతుంది. ఆపమంటే ఎందుకని అడగకుండా ఆపుతానని మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఎప్పుడైనా మళ్లీ కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టాలి, ఐసు, టూత్‌పేస్టు వద్దు. పాత మచ్చ ఇంకా నొప్పిగా ఉంటే అదే వైద్యులకు చూపించండి.

ఇవన్నీ చేశాక మళ్లీ రమ్మని బతిమాలకండి. తెల్లవారుజామున, ట్రాఫిక్ లేని దారిలో, చిన్న దూరానికి ఒకసారి వస్తారేమో అడగండి. వచ్చి, బాగుందంటే మీ పాత ఆలోచన మళ్లీ మొదలవుతుంది. వచ్చి కూడా వద్దంటే, లేదా అసలు రానంటే, ఆ మాట వేడి గురించే కాకపోవచ్చు. పెద్ద బండి మీద భయం ఉండొచ్చు, మీ మాట తగిలిన గాయం ఉండొచ్చు. అప్పుడు ప్రయాణాలు కారులో, బైక్ మీకొక్కరికే అన్న ఏర్పాటుకు ఆవిడ ఒప్పుకోవచ్చు. దానికి మీరు సిద్ధమా అన్నది మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే ఉత్తరమంతా ఇద్దరి ప్రయాణం గురించే రాశారు.

అమ్మడం ఓటమి కాదు, తొందరపడితే నష్టం మాత్రం ఉంటుంది. షీల్డులు సరిచేసి, గాలిదారులు సరిచేసి, ఆ అంకె 40 లోపలికి వస్తే ఉంచుకోవడానికి కారణం ఉంది. అన్నీ చేసినా అది దిగకపోతే, లేదా వైద్యులు మీ కాళ్లలో స్పర్శ తగ్గిందని చెబితే, ఈ తరహా ఇంజన్‌తో మీకు పడదు. మీ దారులు ఎక్కువగా ట్రాఫిక్ గుండా వెళ్లేవైతే అప్పుడు కూడా అంతే, హైవే కోసం చేసిన బండిని ఊళ్లో నడుపుతూ బాధపడటం ఎందుకు? అమ్మేటప్పుడు పాత భాగాలన్నీ తిరిగి బిగించి అమ్మండి, కొనేవాళ్లకు వేడి సంగతి దాచకుండా చెప్పండి.

తర్వాత ఏది కొనాలో బ్రాండు పేరుతో చెప్పను, ఆకారం చెబుతాను. సిలిండర్లు రెండు పక్కలకూ పొడుచుకొచ్చే బాక్సర్ రకంలో ఇంజన్ వేడి మీ తొడల కింద ఉండదు, గాలిలోకి బయట ఉంటుంది, కాకపోతే పాదాలకు కొంత తగులుతుంది. సిలిండర్లు పక్కపక్కనే వరుసగా ఉండే ప్యారలల్ ట్విన్‌లో బెండ్ పైపులు ముందు నుంచి కిందికి పోతాయి కాబట్టి తొడకు దూరం. రేడియేటర్ బళ్లలో వేడిగాలి బయటికి పోయే దారి మోడల్‌ను బట్టి మారుతుంది, కొన్నిటిలో నేరుగా మోకాళ్ల మీదికే వస్తుంది. బండి తేలికైతే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపి, కాళ్లతో జరుపుకునే వీలు కూడా ఉంటుంది.

టెస్ట్ రైడ్‌కు షోరూమ్ వాళ్లు పొద్దున చల్లటి ఇంజన్‌తో, ఖాళీ రోడ్డు మీద ఐదు నిమిషాలు ఇస్తారు. అది ఒప్పుకోకండి. మధ్యాహ్నం వెళ్లండి, అరగంట అడగండి, సగం సమయం ట్రాఫిక్‌లోనే నడపండి, చివర్లో ఇంజన్ ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెట్టండి. థర్మామీటర్ వైరు వెంట తీసుకెళ్లండి. మీ ఆవిడ వస్తానంటే వెనక కూర్చోబెట్టుకుని నడపండి, ఆవిడ ఏమంటారో విన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.